ఆ గోలలోనే మీ ఇంగ్లిష్ క్లాసు ఉంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లా. ఎం.ఏ. ఇంగ్లిష్, బీఈడీ చేసి కొన్నేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో టెన్త్ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ ఏడాది మాల్దీవుల్లో ఉద్యోగం వచ్చింది. రాజధాని మాలేకి బాగా దూరంగా ఉన్న ఒక చిన్న దీవిలో 8, 9, 10 తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మావారు, మా పాప ఊళ్లోనే మా అత్తయ్యగారి దగ్గర ఉన్నారు. ఇంటి లోను తీరుతుందని వచ్చాను. కానీ ఇక్కడి పిల్లలతో నా వల్ల కావడం లేదు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోరు. బల్లల మీద దరువులు వేస్తారు. వాళ్లలో వాళ్లు తమ భాష దివేహీలో ఏదో అనుకుని పగలబడి నవ్వుతారు. నేను ‘కాఫీ’, ‘ఫ్రైడే’ అంటే నా ముందే నాలాగే అని చూపిస్తారు. పెళ్లయిందా, జీతం ఎంత, బొట్టు ఎందుకు అని పాఠం మధ్యలో అడుగుతారు. సాయంత్రం బీచ్‌కి వెళ్తే అక్కడికీ వచ్చి చుట్టూ చేరతారు. మా ఊరి స్కూల్లో నేను క్లాసులో అడుగు పెడితే చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఇక్కడ రోజూ గొంతు పోయి, ఇంటికొచ్చి ఏడుస్తున్నాను. పిల్లలు చెడ్డవాళ్లని అనను. నాకే చేతకావడం లేదేమో. మధ్యలో వచ్చేయమంటారా?
– ఒక టీచర్

జవాబు:

రావద్దమ్మా. ఏడాది పూర్తి చేయండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత కారణాలు చెబుతాను. లోను సంగతి తలుచుకుని ఇలా అనడం లేదు. నేనూ ఆ దీవుల్లో ఆ వయసు పిల్లలకే ఇంగ్లిష్ చెప్పాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత సంతోషంగా గడిచిన కాలం మరొకటి లేదు. ఆ సంతోషం మీ క్లాసులోనూ ఉంది. మీ ఉత్తరంలో నాకది స్పష్టంగా కనిపిస్తోంది. అలసట వల్ల మీకు కనిపించడం లేదు.

మీరు రాసిన ఒక వాక్యం మళ్లీ చదవండి. పెళ్లయిందా, జీతం ఎంత, బొట్టు ఎందుకు అని అడుగుతున్నారన్నారు. ఏ భాషలో అడిగారు? మీకు దివేహీ రాదు కదా. ఇంగ్లిష్‌లోనే అడిగి ఉంటారు. అంటే పద్నాలుగేళ్ల పిల్లలు పుస్తకంలో లేని ప్రశ్నని, ఎవరూ చెప్పకుండా, నిజంగా తెలుసుకోవాలనిపించి, పరాయి భాషలో వాక్యం కూర్చుకుని అడిగారు. మన ఊళ్లో ఇంగ్లిష్‌లో తొంభై మార్కులు తెచ్చుకునే పిల్లవాడిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. టీచర్ దగ్గరికి వచ్చి ఇంగ్లిష్‌లో ఒక్క సొంత ప్రశ్న అడగగలడా? గైడులో ఉన్న జవాబు గడగడా అప్పజెబుతాడు. అందులో వాడి తప్పేమీ లేదు. చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ క్లాసులో మాట్లాడేది మీరొక్కరే. నలభై అయిదు నిమిషాల్లో నలభై నిమిషాల ఇంగ్లిష్ మీ నోట్లోంచే వచ్చేది. నేర్చుకోవాల్సినవాళ్లు నోరు విప్పకుండానే టెన్త్ దాటేసేవాళ్లు.

ఇంగ్లిష్ టీచర్‌కి అన్నిటికన్నా కష్టమైన పని పిల్లలతో మాట్లాడించడం. ఆ కష్టం మీకు లేదు. వాళ్లు మీతో మాట్లాడాలని తహతహలాడుతున్నారు. ఆ మాటల్ని ఒక దారిలో పెట్టడం ఒక్కటే మీరు నేర్చుకోవాల్సింది. అది నేర్చుకోదగ్గ పనే.

వాళ్లు అలా ఎందుకుంటారో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ దేశంలో సుమారు 1,200 దీవులుంటే, జనం ఉండేవి రెండొందల లోపే. మీ దీవిలాంటి చోట ఈ చివర నుంచి ఆ చివరకి కాసేపట్లో నడిచి వెళ్లిపోవచ్చు. ప్రతి ఇంటి ముందూ ఆ ఇనుప చట్రపు వల కుర్చీలు ఉంటాయి చూడండి, ‘జోలి’ అంటారు. పెద్దవాళ్లు వాటిలో కూర్చుని దారిన పోయే ప్రతివాళ్లనీ పలకరిస్తారు. ఆ పలకరింపుల మధ్యే ఈ పిల్లలు పెరిగారు. ‘ఎక్కడికి, ఏం తిన్నావు, మీ అమ్మ ఎలా ఉంది’ అని అడగకపోతే మర్యాద తక్కువ అనుకునే వాతావరణం అది. అలాంటి దీవికి కొత్త మనిషి వచ్చింది, అదీ ఇండియా నుంచి. వాళ్లలో చాలామందికి హిందీ సినిమాలంటే ప్రాణం. మీతో మాట్లాడకుండా ఎలా ఉంటారు చెప్పండి? మన పల్లెటూళ్లో కొత్తకోడలిని చూడటానికి పిల్లలు గుమ్మంలో గుంపు కట్టరూ, ఇదీ అంతే.

బడిలో భయం లేకపోవడం వాళ్ల అదృష్టం. దాన్ని మనం పోగొట్టకూడదు. కర్ర పట్టుకునే అలవాటు మీకు లేదనే అనుకుంటున్నాను. మన దేశంలోనూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. కానీ కర్ర లేకుండా కూడా భయపెట్టవచ్చు. మార్కులు, పేరెంట్స్‌కి ఫోను, అందరి ముందూ చిన్నబుచ్చే మాట, ఇవన్నీ అందుకు పనికొస్తాయి. గొంతు పోయినప్పుడు వాటివైపు చెయ్యి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. ఆ పిల్లలు ఒక్కసారి నోరు మూసుకుంటే మళ్లీ తెరిపించడం మీ వల్లా నా వల్లా కాదు.

ఇప్పుడు ఆ దరువుల సంగతి. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. వాళ్ల బల్లల మీద వినబడేది బొడుబెరు దరువు, అంటే వాళ్ల సంప్రదాయ డోళ్ల పాట. మీ దీవిలో పండక్కో పెళ్లికో విని ఉంటారు. మెల్లగా మొదలై, ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకుంటూ, పోనుపోను వేగం పెరిగి చివరికి అందరూ లేచి ఊగిపోతారు. ఆ లయ ఆ పిల్లల వేళ్లలోనే ఉంది. మనకి, వాళ్లకి కూడా, ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టం ఏది? స్పెల్లింగూ గ్రామరూ కాదు. ఏ మాట మీద బరువు పెట్టాలి, ఏది తేల్చేయాలి అన్నది. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్ వాక్యంలో రెండు మూడు చోట్ల దెబ్బ పడుతుంది, మిగతావి ఆ దెబ్బల మధ్య ఇరుక్కుని గబగబా వెళ్లిపోతాయి.

బోర్డు మీద ‘ఐ వాంట్ టు గో టు మాలే ఆన్ ఫ్రైడే’ అని రాయండి. ‘వాంట్’, ‘గో’, ‘మాలే’, ‘ఫ్రైడే’ దగ్గర బల్ల మీద దెబ్బ వేయమనండి. మధ్యలో ఉన్న ‘టు’, ‘ఆన్’ దగ్గర చెయ్యి బల్లకి తగలకూడదు. మొదట మెల్లగా. తర్వాత వేగం పెంచండి. తర్వాత ‘టు మాలే’ ముందు ‘విత్ మై బ్రదర్’ చేర్చండి. ‘బ్రదర్’ దగ్గరా ఒక దెబ్బ పడుతుంది. వాక్యం పొడుగైనా దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి మారకూడదు, అదే ఆట. ఒక జట్టు దరువు వేస్తే ఇంకో జట్టు వాక్యం చెప్పాలి, తర్వాత జట్లు మారాలి. పది నిమిషాల్లో మీ క్లాసు బడంతా దద్దరిల్లేలా ఇంగ్లిష్ మాట్లాడుతుంది. పక్క క్లాసు టీచర్‌కి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి. నేను ఎన్నో ట్రైనింగుల్లో కూర్చున్నాను, ఉచ్చారణ మీద పుస్తకాలూ చదివాను. ఇంగ్లిష్ లయని ఇంత తేలిగ్గా పట్టుకున్న పిల్లల్ని ఇంకెక్కడా చూడలేదు. వాళ్ల దగ్గర ఉన్నదాన్నే వాడుకున్నాం కాబట్టి అది వాళ్ల సొంతం అవుతుంది.

మీ ఉచ్చారణని అనుకరించడం మనసుకి కష్టంగానే ఉంటుంది. దాన్ని చిన్నది చేయను. ఒకసారి గట్టిగానే చెప్పండి: ‘నా ఎదురుగా నన్ను వెక్కిరిస్తే నాకు బాధగా ఉంటుంది’ అని, కోపం లేకుండా, ఇంగ్లిష్‌లో, కళ్లలోకి చూసి. ఆ పిల్లల మనసు మెత్తన. మీకు బాధ అని తెలిస్తే చాలామంది ఆపేస్తారు. తర్వాత వాళ్ల చెవిని మెచ్చుకోండి. మనలో చాలామందికి ‘ఫ’ దగ్గర తడబాటు ఉంటుంది, ‘ప’కి దగ్గరగా పలుకుతాం. వాళ్లకి అది రోజంతా నోట్లో నలిగే శబ్దం. సంస్కృతంలో ‘ప’ ఉన్న చోట దివేహీలో చాలాసార్లు ‘ఫ’ వినబడుతుంది. నీళ్లని ‘ఫెన్’ అంటారు, కాలిని ‘ఫై’ అంటారు. మీరు ‘ఫ్రైడే’ అన్నప్పుడు ఆ తేడా వాళ్ల చెవికి టక్కున తగిలింది. అంత చురుకైన చెవి ఉన్న పిల్లలకి ఇంగ్లిష్ చెప్పడం ఎంత సుఖమో ఆలోచించండి. వారానికోసారి మీరు వాళ్ల దగ్గర ఒక దివేహీ మాట నేర్చుకుని, వాళ్లు సరేననేదాకా పలకండి. మీరు తప్పు పలికి మళ్లీ ప్రయత్నించడం వాళ్లు చూస్తారు. మరుసటి రోజు తప్పు ఇంగ్లిష్ మాట్లాడటానికి వాళ్లకీ సిగ్గుండదు.

ఇంకొక సౌకర్యం కూడా మీకుంది. దివేహీ వాక్యంలోనూ మన తెలుగులో లాగే క్రియ చివర వస్తుంది. ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో వచ్చిన టీచర్‌కి ఆ పిల్లవాడు వాక్యాన్ని ఎందుకు తలకిందులు చేశాడో వెంటనే అర్థం కాదు. మీకు అర్థమవుతుంది. మీరూ ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో అదే తిప్పలు పడి బయటికి వచ్చారు. ఆ దారి మీకు గుర్తుంది కాబట్టి చెయ్యి పట్టుకుని నడిపించగలరు.

మగపిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నారని మీరు విడిగా రాయలేదు గానీ, తొమ్మిదో తరగతి అంటే ఉండే ఉంటుంది. వాళ్లకి ఫుట్‌బాల్ ఇవ్వండి. దక్షిణాసియా దేశాల శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో మాల్దీవులు రెండుసార్లు కప్పు గెలిచింది, 2008లో ఒకసారి, 2018లో ఒకసారి. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది మనమే. 2008లో కొలంబోలో 1-0, 2018లో ఢాకాలో 2-1. ఈ సంగతి వాళ్లు మీకు ఇప్పటికే చెప్పకపోతే ఆశ్చర్యపోతాను. చెప్పినప్పుడు నవ్వి ఊరుకోకండి. ‘అయితే ఆ మ్యాచ్ నేను చూడలేదు, మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లిష్‌లో చెప్పండి’ అని కుర్చీలో కూర్చోండి. జరిగిపోయిన కథ కాబట్టి పాస్ట్ టెన్స్ తనంతట తానే వస్తుంది. వాళ్ల స్టార్ ఆటగాడు అలీ అష్ఫాక్ గురించి మొదలెడితే బెల్లు కొట్టినా ఆపరు. వాళ్లు చెప్పిందంతా అయ్యాక మీరు 2021 సంగతి ఎత్తండి. మాలేలోనే, సొంత ప్రేక్షకుల ముందే మన జట్టు వాళ్లని 3-1తో ఓడించి, ఫైనల్లో నేపాల్‌ని కొట్టి కప్పు తీసుకెళ్లింది. ఆ మాట అన్నాక వచ్చే గోలని మాత్రం మీరు అణచలేరు. అణచనక్కర్లేదు కూడా. ‘ఒకరి తర్వాత ఒకరు, ఇంగ్లిష్‌లో అయితేనే ఒప్పుకుంటా’ అనండి చాలు. వాదన పాఠం అదే.

ఆడపిల్లలు ఈ మాటల్లో వెనకబడకుండా చూడండి. వాళ్లకి బాషి ఉంది. టెన్నిస్ రాకెట్‌తో, వల వైపు వీపు తిప్పి నిలబడి బంతిని తల మీదుగా వెనక్కి కొట్టే ఆట. ఆ ఆట రూల్సు మీకు తెలియవు. తెలియని మనిషికి రూల్సు వివరించడం కన్నా మంచి స్పీకింగ్ పాఠం లేదు. మీరు నిజంగానే రాకెట్ పట్టుకుని సాయంత్రం ఆడబోతున్నారని తెలిస్తే ఇంకా జాగ్రత్తగా చెబుతారు.

టెన్త్ పిల్లల గురించి మీకు హెడ్ దగ్గర నుంచి ఒత్తిడి ఉండొచ్చు. అది న్యాయమే. వాళ్లు రాసేది కేంబ్రిడ్జ్ పరీక్ష. రాతతో పాటు వినడానికీ, మాట్లాడటానికీ పరీక్ష ఉంటుంది. ఈమెయిల్, రిపోర్టు, రివ్యూ లాంటివి రాయమంటారు. అంటే మాట్లాడే క్లాసు పరీక్షకి అడ్డం అనుకోనక్కర్లేదు. నేను వాడిన పాఠాల్లో ఎప్పుడూ తేలిపోనిది ఒకటి చెబుతాను. 2009 అక్టోబర్ 17న అప్పటి అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ మంత్రులతో కలిసి నీళ్ల అడుగున క్యాబినెట్ సమావేశం పెట్టారు. గాలి సిలిండర్లు తగిలించుకుని, సముద్రం అడుగున వేసిన బల్లల దగ్గర కూర్చుని, సైగలతో మాట్లాడుకుని, కర్బన వాయువులు తగ్గించమని ప్రపంచ దేశాలను కోరే పత్రం మీద సంతకాలు చేశారు. ఆ దేశం సగటు ఎత్తు సముద్ర మట్టానికి మీటరున్నరే కదా. ఇది మీ పిల్లలు పుట్టకముందో, పొత్తిళ్లలో ఉన్నప్పుడో జరిగిన సంగతి, కానీ వాళ్ల ఇళ్లలో అందరికీ గుర్తుంటుంది. ఇంటికి వెళ్లి అమ్మనీ తాతనీ దివేహీలో అడిగి, వచ్చి ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయమనండి. తర్వాత క్లాసులో ఒకరు అధ్యక్షుడు, ఇద్దరు మంత్రులు, మిగతావాళ్లంతా పత్రికల వాళ్లు. ప్రశ్నలు వాళ్లే తయారు చేసుకోవాలి. కొందరు అది ఉత్త ప్రచారం అని వాదిస్తారు, కొందరు దేశం పేరు నిలబెట్టిందంటారు. వాదించనివ్వండి. కానీ మీరు ఏ పక్షమూ తీసుకోకండి. అక్కడి రాజకీయాల్లో విదేశీ టీచర్ తలదూర్చకూడదు.

రెండోది, రిసార్ట్ రిసెప్షన్ నాటకం. ఆ దేశంలో మొదటి రిసార్ట్ 1972లో తెరిచారు. ఇప్పుడు మీ క్లాసులో ప్రతి పిల్లకీ ఒక అన్నో బాబాయో రిసార్ట్‌లో పనిచేస్తూ ఉంటారు. ఇంగ్లిష్ అక్కడ అన్నం పెట్టే భాష. ఏసీ పనిచేయలేదనీ, పడవ ఆలస్యమైందనీ గొడవపడే గెస్టుగా ఒకరు, ఓపికగా సమాధానం చెప్పే రిసెప్షనిస్టుగా ఒకరు. అల్లరి పిల్లలంతా గెస్టు వేషమే కావాలంటారు. ఒకసారి ఇచ్చి, రెండోసారి రిసెప్షన్‌లో కూర్చోబెట్టండి. మీ దీవి దేశానికి దక్షిణపు చివర ఉన్న అడ్డూ వైపు అయితే ఇంకో వనరు ఉంది. 1976 దాకా అక్కడి గాన్ దీవిలో బ్రిటిష్ వైమానిక స్థావరం ఉండేది. అందులో పనిచేసి ఇంగ్లిష్ నేర్చుకున్న పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. అలాంటి తాతగారు ఒకరు క్లాసుకి వస్తే చూడండి, పిల్లలు ఎలా వింటారో.

దరి లేకుండా మాట్లాడనివ్వమని నేను చెప్పడం లేదు. రూల్సు కావాలి, కానీ కొద్దిగా ఉండాలి, రోజూ ఒకేలా ఉండాలి. గొంతు పెంచకండి. గొంతు పెంచే పోటీలో ఇరవై మంది టీనేజర్లతో మీరు గెలవలేరు. చెయ్యి పైకెత్తి నిలబడండి. అది చూసినవాళ్లు వాళ్ల చెయ్యి ఎత్తి మాట ఆపాలి. బొడుబెరు తెలిసిన పిల్లలు కాబట్టి ఇంకా మంచిది, మీరు ఒక దరువు వేస్తే వాళ్లు జవాబు దరువు వేసి ఆగాలి. రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యలో వదిలేస్తే అది పనిచేయదు. పాఠం మొదటి ఐదు నిమిషాలు వాళ్ల ప్రశ్నలకే ఇచ్చేయండి, రోజుకి ఇద్దరికి అవకాశం. వాక్యం సరిగ్గా ఉంటేనే జవాబు చెబుతానని పెట్టండి. ‘యూ మ్యారీడ్?’ అంటే కుదరదు, ‘ఆర్ యూ మ్యారీడ్?’ అనాలి. పాఠం మధ్యలో వచ్చే ప్రశ్నలు ఆ ఐదు నిమిషాల్లోకి వచ్చి కూర్చుంటాయి. జీతం చెప్పనక్కర్లేదు. ‘దట్ ఈజ్ ప్రైవేట్’ అనడం కూడా వాళ్లు నేర్చుకోవాల్సిన ఇంగ్లిషే.

దివేహీలో మాట్లాడుకుంటున్నారని ప్రతిసారీ ఆపకండి. జట్టుగా పని చేసేటప్పుడు ఒకరికి అర్థం కానిది ఇంకొకరు సొంత భాషలో చెప్పుకోవడం మంచిదే. మనమూ తెలుగులో ఆలోచించే ఇంగ్లిష్ నేర్చుకున్నాం. జట్టు బయటికి వచ్చి చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్లిషే. వాళ్ల నవ్వులన్నీ మీ గురించేనని అనుకోవద్దు. ఆ వయసులో వాళ్లకి ముందు బల్ల వాడి జుట్టు చాలు నవ్వడానికి. ఏదో ఒకరోజు పగడపు దీవుల వలయానికి ఇంగ్లిష్ వాడే ‘అటాల్’ అనే మాట దివేహీ నుంచి వెళ్లిందని చెప్పండి. ప్రపంచమంతా భూగోళం పుస్తకాల్లో చదివే మాట తమదని తెలిసినప్పుడు ఆ మొహాలు చూడాలి మీరు.

ఈ సందడిలో ఒక పిల్ల కనబడకుండా పోతుంది. ప్రతి క్లాసులో ఉంటుంది. వెనక బల్లలో నవ్వే వాళ్లతో పాటు నవ్వుతూ, ఒక్క మాటా మాట్లాడదు. గోల ఎక్కువైన క్లాసులో టీచర్ మనసంతా గోల చేసేవాళ్ల మీదే ఉంటుంది కాబట్టి ఆ పిల్ల ఏడాదంతా అలాగే దాటిపోతుంది. ఆమెని అందరి ముందూ లేపకండి. ఒక స్నేహితురాలితో జంటగా కూర్చోబెట్టి, మీరు పక్కన నిలబడి వినండి. సాయంత్రం జెట్టీ దగ్గరో దుకాణం దగ్గరో ఒంటరిగా కలిస్తే పలకరించండి. చిన్న దీవిలో మీకు దొరికే గొప్ప అవకాశం అది. క్లాసులో నోరు విప్పని పిల్ల సముద్రం దగ్గర మీతో అరగంట మాట్లాడుతుంది. నా దగ్గర అలా మాట్లాడిన ఒకమ్మాయి తర్వాత పై చదువుకి మాలే వెళ్లి, సైన్సు పాఠాలు ఇంగ్లిష్‌లో అర్థమవుతున్నాయని కబురు పెట్టింది. ఆ దేశంలో దివేహీ, ఇస్లాం తప్ప మిగతా సబ్జెక్టులు ఇంగ్లిష్‌లోనే కదా. 1960ల మొదట్లో మాలేలోని మజీదియ్యా, అమీనియ్యా బడుల్లో మొదలైన ఇంగ్లిష్ మీడియం ఇవాళ ప్రతి దీవికీ చేరింది. మీరు చెప్పే ఇంగ్లిష్ మీదే ఆ పిల్లల లెక్కలూ కెమిస్ట్రీ కూడా నిలబడి ఉన్నాయి.

బొట్టు ప్రశ్నకి ‘మా ఇంట్లో ఆడవాళ్లు పెట్టుకునే అలవాటు’ అని చెప్పి ఆపేయండి. అంతకు మించి మతం గురించి క్లాసులో చర్చ వద్దు. ఆ దేశంలో ఇస్లాం తప్ప వేరే మతాల బహిరంగ పూజ, ప్రచారం నిషేధం. పూజించే విగ్రహాలు దేశంలోకి తీసుకురానివ్వరు. ఈసారి సెలవులకి వచ్చి వెళ్లేటప్పుడు అత్తయ్యగారు ప్రేమతో చిన్న విగ్రహం సంచిలో పెట్టబోతే సర్దిచెప్పండి. మీ దణ్ణం మీ గదిలో మీరు పెట్టుకోవచ్చు. రంజాన్‌లో పిల్లలు ఉపవాసం ఉంటారు, వాళ్ల ముందు తినడం తాగడం చేయకండి. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి మిమ్మల్ని ఇళ్లకి పిలుస్తారు. వెళ్లండి. మీరు చేపలు తినేవారైతే మీకు అక్కడ పండగే. ట్యూనా, కొబ్బరి, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపిన మస్‌హుని, చపాతీ లాంటి రోషీతో తింటే మన ఉత్తరాంధ్ర నోటికి హాయిగా ఉంటుంది.

బీచ్‌లో చుట్టూ చేరడం గురించి. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు వాళ్లతో గడపండి, మిగతావి మీవి. ‘టుడే ఐ వాంట్ టు వాక్ అలోన్’ అంటే వాళ్లు అర్థం చేసుకుంటారు. వాట్సాప్ లాంటి వైబర్ గ్రూపులో రాత్రి ఎనిమిది తర్వాత జవాబు ఇవ్వనని మొదటే చెప్పి, అలాగే ఉండండి. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి గురువారం సాయంత్రం నోటుబుక్కులు ఇంటికి తెచ్చుకోకుండా ఉండటానికి ప్రయత్నించండి. మీ దీవిలోనో పక్క దీవిలోనో ఇంకో ఇండియన్ టీచర్ తప్పకుండా ఉంటారు. కేరళ వాళ్లయినా, తమిళులైనా ఫరవాలేదు, వారానికోసారి కూర్చుని మాట్లాడుకోండి. రోజూ ఏడుపు వస్తూనే ఉంటే, నిద్ర పట్టకపోతే, ఒంటరిగా భరించకండి. అటాల్ ఆసుపత్రిలో డాక్టర్‌ని కలవండి, మీవారితో దాచకుండా చెప్పండి. ఏడాది పూర్తి చేయమన్న నా మాట మీ ఆరోగ్యం కన్నా ఎక్కువ కాదు.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ, మీ ఏడుపులో సగం ఆ బెంగేనని నాకు అనిపించింది. క్లాసు నిండా పిల్లలు ‘మిస్, మిస్’ అంటుంటే మన పిల్ల గొంతు గుర్తురావడం సహజం. దీనికి నాకు తోచింది చెబుతాను. మీకు పాప ఉందని పిల్లలకి చెప్పండి. ఫొటో చూపించండి. వాళ్లకి చిన్నపిల్లలంటే మహా ముద్దు. ఎనిమిదో తరగతి వాళ్లని పాపకి ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాయమనండి. మా దీవిలో ఏముంటుంది, తాబేలుని ఎప్పుడు చూశాం, మీ అమ్మ క్లాసులో ఏం చేస్తుంది, ఇలా ఏదైనా. నిజంగా చదివే మనిషి ఉన్నప్పుడు పిల్లలు రాసే తీరే వేరు, స్పెల్లింగ్ కూడా వాళ్లే అడిగి దిద్దుకుంటారు. పోస్టులో వేయకండి, ఫొటో తీసి ఫోన్లో పంపండి. మీవారు గానీ అత్తయ్యగారు గానీ పాపకి చదివి వినిపిస్తారు. పాప జవాబు తెలుగులో చెప్పినా సరే, రికార్డు చేసి పంపమనండి. మీరు క్లాసులో వినిపించి, ఇంగ్లిష్‌లో ఏమందో చెప్పండి. వాళ్లు మళ్లీ ప్రశ్నలు అడుగుతారు. ఈ వారమే మొదలుపెట్టండి. మొదటి కట్ట ఉత్తరాలు వచ్చాక వీలైతే ఒకటి రెండు నాకూ పంపండి, పిల్లల పేర్లు తీసేసి.